కోయని రంపము - కారణములు, చికిత్స

వైశాఖ జ్యేష్ఠ మాసములలో చెవెళ్ళ, మొయినాబాదు, శంకరపల్లి ప్రాంతములకు సాయంకాలపు గాలివాన కొత్త కాదు. పగలంతయు ఎండ కాచి, పొద్దు వాలువేళకు మబ్బు పట్టి, గడియసేపు గాలి విసరిపోవును. తెల్లవారి చూచునప్పటికి మామిడితోటలో కొమ్మలు విరిగి వ్రేలాడుచుండును. పొలముగట్టు మీది తుమ్మచెట్టు బండిదారికి అడ్డముగా పడియుండును. వేపకొమ్మ ఒకటి ఇంటికప్పు మీద వాలియుండును. అప్పుడు ఊరిలో గొలుసు రంపము, అనగా జనులు చైన్ సా అని, కోత మిషను అని పిలుచునది, బయటకు వచ్చును.

ఈ పరికరము ఒకప్పుడు అడవిశాఖవారి వద్దను, కలప అడితీలలోను మాత్రమే కనబడెడిది. ఇప్పుడు తోటలు గల రైతుల ఇండ్లకును, పట్టణపు అంచున ఇల్లు కట్టుకొన్నవారి ఇండ్లకును వచ్చినది. మోకిల సంగతినే చూడుడు. శంకరపల్లి మండలములోని ఆ ఊరిలో 2023వ సంవత్సరమున హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ ఇండ్లస్థలములను వేలము వేసినది. పొలములున్న చోట ప్రహరీగోడలు లేచినవి. పాత చెట్లును కొత్త ఇండ్లును ప్రక్కప్రక్కన నిలిచినవి. కొమ్మ విరిగినప్పుడు వెనుకటివలె గొడ్డలివాని కొరకు కబురు పెట్టక, ఇంటివారే యంత్రము తెచ్చుకొనుచున్నారు. యంత్రము కొన్నంత తేలికగా దాని మర్మము చేతికి రాదు. అందుచేత ఎల్లెడల ఒకటే ఫిర్యాదు వినబడును: "మిషను బాగానే మ్రోగుచున్నది, కొమ్మ మాత్రము తెగుట లేదు."

ఈ ఫిర్యాదు వెనుక కేవలము కాలము వృథా యగుటయే కాదు, ప్రమాదము కూడ ఉన్నది. తెగని రంపమును మనిషి తన బలముతో క్రిందికి నొక్కును. నొక్కిన కొలది చేతులు అలసిపోవును, కాళ్ల నిలుకడ తప్పును. రంపము ఎప్పుడైన హఠాత్తుగా కొయ్యను విడిచినచో ఆ బలమంతయు అదుపు తప్పి మనిషి కాలివైపునకు వచ్చును. పూర్తి వేగముతో తిరుగునప్పుడు గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెత్తును. ఆ వేగము ముందు మన జాగ్రత్త ఎంత త్వరగా మేలుకొన్నను ఆలస్యమే. కావున రంపము ఎందుకు కోయుట లేదో తెలిసికొనుట యంత్రమును కాపాడుటకే కాదు, దానిని పట్టిన చేతిని కాపాడుటకు కూడ అవసరము.

ముందుగా ఈ రంపము కొయ్యను ఎట్లు కోయునో తెలిసికొనవలెను. జర్మనీ దేశమున ఆండ్రియాస్ స్టీల్ అను ఇంజనీరు 1926లో విద్యుత్తుతో నడచు గొలుసు రంపమును, 1929లో పెట్రోలుతో నడచు దానిని తయారుచేసెను. ఆ తొలి యంత్రములను ఇద్దరు మనుష్యులు చెరియొక వైపున పట్టుకొనవలసి వచ్చెడిది. వాని గొలుసు పండ్లు మన వడ్రంగుల అడ్డకోత రంపపు పండ్లవలె కొయ్యను గీకుచు పోయెడివి. అవి త్వరగా మొద్దుబారెడివి, ఆకురాయి పట్టుటతోనే పని కాలము చాల గడచిపోయెడిది.

ఈ చిక్కును విప్పినది ఒక పురుగు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ బుఫర్డ్ కాక్స్ అను నతడు కలప పనిలో నుండెడివాడు. 1946లో అతడు కట్టెలు కొట్టుచు, మొద్దును తొలిచి తినుచున్న పెంకుపురుగు పిల్లను చూచెను. ఆ పురుగు కొయ్యను గీకుట లేదు. దాని రెండు దవడలు ఎడమకు ఒకమారు, కుడికి ఒకమారు కొయ్యను చెక్కుచున్నవి. నారకు అడ్డముగా పోయినను, నార వెంట పోయినను దానికి ఒకటే. కాక్స్ ఆ దవడల ఆకారమును ఉక్కులో దింపి, 1947లో కొత్తరకపు గొలుసును తయారుచేసెను. నేడు మనము వాడు గొలుసులు చాలవరకు ఆ సంతతికి చెందినవే.

గొలుసును చేతిలోనికి తీసికొని చూచినచో సంగతి తేటపడును. దానిలో ఒక పన్ను ఎడమవైపునకు, మరియొక పన్ను కుడివైపునకు వంగియుండును. ప్రతి పంటికి పైన ఒక చిన్న రేకు, దాని ముందు అంచున పదును ఉండును. ఆ పదునునకు ముందుగా, కొంచెము తగ్గు ఎత్తులో, ఒక చిన్న ఉక్కుగుబ్బ ఉండును. మెకానిక్కులు దీనిని రేకరు అందురు. వడ్రంగి చిత్రిక తెలిసినవారికి దీని పని చెప్పనక్కరలేదు. చిత్రిక అడుగున ఉలి అంచు ఎంత బయటకు వచ్చియుండునో అంత మందముననే చెక్క లేచును. ఉలి లోపలికి పోయినచో చిత్రిక జారిపోవును. ఎక్కువగా బయటకు వచ్చినచో కొయ్యలో తగులుకొని ఆగిపోవును. రంపపు గొలుసులో ఆ గుబ్బ చిత్రిక అడుగువంటిది, పంటి పదును ఉలి అంచువంటిది. ఈ రెంటి ఎత్తులలోని తేడాయే రంపపు కోతకు ప్రాణము. సాధారణపు గొలుసులలో ఈ తేడా 0.65 మిల్లీమీటరు మాత్రమే.

ఇక రోగనిర్ణయము. వైద్యుడు ముందుగా నాడి చూచినట్లు మనము రంపమునుండి రాలుచున్న పొట్టును చూడవలెను. పదునైన గొలుసు కొయ్యను అడ్డముగా కోయునప్పుడు అటుకులవంటి పలుచని తునకలు రాలును. మొద్దుబారిన గొలుసు పిండివంటి మెత్తని పొడిని రాల్చును. పిండి రాలుచున్నదనగా పండ్లు చెక్కుట మాని గీకుచున్నవని అర్థము. ఎండిన తుమ్మ, చింత వంటి గట్టికొయ్యలో తునకలు కొంత చిన్నవిగా ఉండుట సహజమే కాని, పచ్చి వేపకొమ్మలో కూడ పిండియే రాలినచో సందేహింప నక్కరలేదు. రెండవ గుర్తు, రంపము తన బరువుతో తాను కొయ్యలోనికి దిగకపోవుట. మంచి గొలుసు గల రంపమును పట్టుకొని దారి చూపిన చాలును, నొక్కవలసిన పని యుండదు.

గొలుసు మొద్దుబారుటకు కాలము ఒక్కటే కారణము కాదు. చాలమార్లు ఒక్క క్షణమే చాలును. నేలమీద పడిన మొద్దును కోయుచు కొసను మట్టికి తగిలించినచో కొత్త గొలుసు కూడ ఆ నిమిషముననే చెడును. చెదలు పట్టిన చెట్టు బెరడులో మట్టి ఉండును. దారిప్రక్క చెట్లకు ప్రకటనల బోర్డులు కొట్టిన మేకులు బెరడులోనికి మునిగి పైకి కనబడక పోవును. పొలముగట్టు చెట్టుకు ఎప్పుడో కట్టిన ముండ్లతీగను చెట్టు తనలోనికి మ్రింగియుండును. కోతకు ముందు బెరడును చేతితో తడిమి, మట్టియున్న చోట గొడ్డలితో కొంత బెరడు లేపి, నేలమీది మొద్దు క్రింద ఒక కట్టెను పెట్టి ఎత్తుచేసికొనుట గొలుసుకు మిక్కిలి మేలు చేయును.

మొద్దుబారిన గొలుసుకు మందు ఆకురాయి. ఐతే చేతికందిన ఆకురాయి పనికిరాదు. గుండ్రని ఆకురాయి కావలెను, దాని లావు గొలుసు పరిమాణమునకు సరిపోవలెను. ఇండ్లలో వాడు చిన్న రంపముల గొలుసులకు సాధారణముగా 4 మిల్లీమీటర్ల ఆకురాయియు, నడితరగతి గొలుసులలో ఒక రకమునకు 4.8 మిల్లీమీటర్లదియు సరిపోవును. పెద్ద గొలుసులకు 5.2 లేక 5.5 మిల్లీమీటర్లది కావలసియుండును. మీ గొలుసు ఏ రకమో యంత్రముతో ఇచ్చిన పుస్తకములోను, గొలుసు డబ్బామీదను వ్రాసియుండును. ముందుగా ఇంజనును ఆపి, చల్లారనిచ్చి, స్పార్క్ ప్లగ్గు టోపీని ఊడదీయవలెను. చేతికి మందపు తొడుగు వేసికొనవలెను. బారును, అనగా గొలుసు తిరుగు పొడవాటి ఉక్కుపలకను, పట్టుడులో కదలకుండ బిగించవలెను. పట్టుడు లేనివారు మొద్దులో ఒక గాడి కోసి, అందులో బారును నిలుపుకొనవచ్చును.

ఆకురాయిని పంటి లోపలివైపునుండి బయటివైపునకు మాత్రమే నడుపవలెను. వెనుకకు లాగునప్పుడు పంటికి తాకింపరాదు, తాకించినచో ఆకురాయి చెడును. పైరేకు అంచుతో కోణము సాధారణముగా 30 డిగ్రీలు. చాల గొలుసుల పైరేకు మీద ఈ కోణమును చూపు సన్నని గీత ఉండును. ఆకురాయి లావులో అయిదవ వంతు మాత్రమే పైరేకునకు పైగా కనబడవలెను. మిక్కిలి క్రిందికి పట్టినచో పంటి అంచు పలుచబడి త్వరగా విరుగును. మిక్కిలి పైకి పట్టినచో అంచు వెనుకకు వాలి, ఎంత రాచినను కోయదు. ప్రతి పంటికి రెండు మూడు మారులు రాచిన చాలును. ఎన్నిమారులు రాచినను అన్ని పండ్లకు అంతే లెక్క. ఒకవైపు పండ్లన్నియు ముగించి, పిదప రంపమును త్రిప్పి రెండవవైపు పండ్లను పట్టవలెను. మేకు తగిలి ఒక పన్ను ఎక్కువగా అరిగియున్నచో, దానినే కొలతగా పెట్టుకొని తక్కిన పండ్లను దాని పొడవునకు తేవలెను. ఇది నష్టమనిపించును గాని, పొడవు పొట్టి పండ్లు కలిసిన గొలుసు అదరుచు నడచును. పైరేకు పొడవు సుమారు 3, 4 మిల్లీమీటర్లకు తగ్గినచో ఆ గొలుసును మార్చవలసినదే.

పండ్లకు పదును పెట్టినను రంపము కోయలేదని కొందరు విసుగుచెందుదురు. తప్పు పదునులో లేదు, గుబ్బలలో ఉన్నది. పైరేకు వెనుకకు వాలుగా ఉండుటచేత, రాచిన కొలది పంటి ఎత్తు తగ్గును. గుబ్బ ఎత్తు మాత్రము అంతే యుండును. చివరకు గుబ్బయే ముందు కొయ్యకు తగిలి, పదునును కొయ్యవద్దకు పోనీయదు. పదునైన ఉలిని చిత్రిక లోపలికి దాచినట్లగును. అందుచేత మూడు నాలుగు మారులు ఆకురాయి పట్టిన తరువాత, ఇందుకై అమ్ము చిన్న ఉక్కుపలక కొలతను గొలుసుపై ఉంచి, గుబ్బ దాని గాడిలోనుండి పైకి పొడుచుకొని వచ్చినంత మేరకే చదునైన ఆకురాయితో తీయవలెను. పిదప గుబ్బ ముందంచును కొంచెము గుండ్రము చేయవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. రంపము ఇంకను వేగముగా కోయవలెనను ఆశతో గుబ్బలను కొలత లేక రాచువారు ఉన్నారు. అట్టి గొలుసు కొయ్యను పెద్దగా కరచి, కుదుపుచు, ఇంజనును ఆపివేయును. అంతకంటె అపాయకరము రంపము వెనుకకు ఎగురుట. బారు కొస పైభాగము ఏ కొమ్మకైన తగిలినచో గొలుసు కొయ్యను కరచుకొని, బారు మొత్తము పైకిని వెనుకకును, పట్టినవాని ముఖమువైపునకు ఎగురును. కనురెప్ప వేయునంతలో జరుగు పని ఇది. తగ్గించిన గుబ్బలు ఈ ప్రమాదమును పెంచును. కావున బారు కొసతో ఎప్పుడును కోయరాదు. భుజము ఎత్తును మించి రంపమును ఎత్తరాదు. రెండు చేతులతో, బొటనవ్రేళ్లు పిడుల చుట్టు తిరిగియుండునట్లు పట్టుకొనవలెను. కండ్లకు అద్దములు, చెవులకు మూతలు, కాళ్లకు గట్టి బూట్లు లేనిదే పనికి దిగరాదు.

రెండవ రకపు జబ్బు, కోత వంకరపోవుట. తిన్నగా మొదలుపెట్టిన కోత వంపు తిరిగి ఎడమకో కుడికో పోవుచున్నదన్న, ఒకవైపు పండ్లు రెండవవైపు పండ్లకంటె పొడవుగానో, పదునుగానో ఉన్నవని అర్థము. కుడిచేతి వాటముగలవారు ఒకవైపు పండ్లను బలముగాను, రెండవవైపు పండ్లను నెమ్మదిగాను రాచుటవలన ఇట్లగును. ఒకవైపు పండ్లు రాతికి తగిలినను ఇట్లే యగును. పండ్లు రెండువైపుల సమముగా నున్నను కోత వంకరపోవుచున్నచో బారును పరీక్షింపవలెను. గొలుసు నడచు గాడికి రెండువైపుల రెండు అంచులు ఉండును. ఒక అంచు ఎక్కువగా అరిగినచో గొలుసు ప్రక్కకు వాలును. అంచులు విచ్చుకొని బయటకు ముల్లువలె లేచియున్నచో చదునైన ఆకురాయితో తీసివేయవలెను. బారును అప్పుడప్పుడు తలక్రిందులుగా త్రిప్పి బిగించుచుండినచో రెండు అంచులును సమముగా అరుగును, బారు ఎక్కువకాలము మన్నును.

మూడవది పొగ. కోతలోనుండి పొగ వచ్చుచు, కొయ్య నల్లబడుచున్నచో మూడు సంగతులు చూడవలెను. గొలుసు మొద్దుబారియుండవచ్చును. గొలుసుకు నూనె అందకపోయి యుండవచ్చును. లేదా గొలుసును తిరుగవేసి బిగించియుండవచ్చును. ఈ మూడవది వినుటకు నవ్వు పుట్టించును గాని, కొత్తగా గొలుసు మార్చినవారు తరచుగా చేయు పొరపాటు. బారు పైభాగమున నున్న పండ్ల పదును కొసవైపునకు, అనగా ఇంజనుకు దూరముగా, చూచుచుండవలెను. అట్లు లేనిచో పండ్ల వీపులు కొయ్యను రుద్దును, పొగ వచ్చును, కోత సాగదు.

నూనె సంగతి తెలిసికొనుటకు తేలికైన ఉపాయము కలదు. ఇంజను నడచునప్పుడు బారు కొసను ఒక తెల్లకాగితమునకో, ఎండిన మొద్దుకో జానెడు దూరమున, తాకకుండ పట్టి, కొంచెము వేగము పెంచవలెను. కాగితముపై సన్నని నూనెచారలు పడినచో నూనె అందుచున్నట్లు. పడనిచో నూనెడబ్బాలో నూనె ఉన్నదో లేదో చూచి, ఇంజను ఆపి, బారును ఊడదీసి, గాడిలోని పొట్టును సన్నని రేకుతో గీకి, బారు మొదట నున్న నూనెరంధ్రమును తీగతో శుభ్రపరుపవలెను. పాత ఇంజనాయిలును గొలుసుకు వాడుట మంచిది కాదు. దానిలోని ఉక్కురజను పంపును చెరచును, కోసిన చోటున నేలను కూడ పాడుచేయును. మర్రి, రావి, పనస వంటి పాలుగారు చెట్లను కోసినప్పుడు ఆ పాలు గొలుసు కీళ్లలో గట్టిపడి బంకయగును. పని ముగిసిన తరువాత, ఇంజను చల్లారినపిమ్మట, గొలుసును ఊడదీసి కిరోసిన్ తో కడిగి, తుడిచి, నూనెలో ముంచి ఉంచినచో కీళ్లు స్వేచ్ఛగా కదలును.

నాల్గవది గొలుసు బిగువు. వదులుగా నున్న గొలుసు బారునుండి జారిపడును, అదరుచు కోయును. అతిబిగువు గొలుసు బారును అరగదీసి, ఇంజను శక్తిని మ్రింగివేయును. బారు కొసను పైకి ఎత్తిపట్టి, గొలుసు బారు అడుగుభాగమునకు అంటునంతవరకు బిగించి, అటుపిమ్మట మరలను గట్టిగా త్రిప్పవలెను. తొడుగు వేసికొన్న చేతితో లాగినచో గొలుసు బారుచుట్టు సులభముగా తిరుగవలెను. గొలుసు వేడెక్కినప్పుడు సాగును, చల్లారినప్పుడు కుదించుకొనును. కావున వేడి గొలుసును బిగించినవారు పని ముగియగానే కొంత వదులుచేయవలెను. లేనిచో రాత్రి చల్లబడి కుదించుకొనిన గొలుసు ఇంజను ఇరుసును లాగుచుండును. గొలుసును త్రిప్పు పండ్లచక్రమును కూడ చూడుడు. దానిపై అరమిల్లీమీటరు లోతు గాట్లు పడినచో చక్రమును మార్చవలెను. అరిగిన చక్రముపై కొత్త గొలుసు వేసినచో అదియును వేగముగా చెడును.

గొలుసు, బారు, నూనె అన్నియు సరిగా నుండి, కోత ఇంకను సాగనిచో అప్పుడు ఇంజను వంక చూడవలెను. ఇంజను పెద్దగా మ్రోగుచు, గొలుసు మాత్రము ఆగిపోవుచున్నచో గొలుసు బ్రేకు వేసియున్నదేమో ముందుగా చూడుడు. ముందు పిడి ఎదుట నున్న ప్లాస్టిక్ అడ్డును ముందుకు త్రోసినచో బ్రేకు పడును, వెనుకకు లాగినచో విడిపోవును. బ్రేకు విడిచియుండి కూడ కోతలో గొలుసు నిలిచిపోవుచున్నచో క్లచ్చి అరిగినది. అది మెకానిక్కు పని. ఇంజనే నీరసించి, కొయ్యలో పెట్టగానే ఆగిపోవుచున్నచో గాలి వడపోత సంచి పొట్టుతో మూసికొనిపోయినదేమో చూడవలెను. మన ప్రాంతపు వేసవి దుమ్ములో ఈ వడపోతను ప్రతిదినము దులిపి శుభ్రపరచుట అవసరము. సైలెన్సరులోని సన్నని జల్లెడ మసితో మూసికొనినను శక్తి తగ్గును.

ఇంధనము మరియొక ముఖ్యవిషయము. ఈ ఇంజనులు రెండు దెబ్బలవి. వానికి వేరుగా ఇంజనాయిలు పోయు చోటు లేదు, నూనెను పెట్రోలుతో కలిపి పోయవలెను. చాల యంత్రములకు ఒక లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల రెండుదెబ్బల ఇంజను నూనె లెక్క. కొన్నింటికి 40 మిల్లీలీటర్లు. యంత్రపు పుస్తకము చెప్పినదే ప్రమాణము. నూనె కలుపని పెట్రోలు పోసినచో కొద్ది నిమిషములలో పిస్టను పట్టివేసి యంత్రమే పోవును. మన దేశమున 2025 నాటికి ఇథనాలు 20 శాతము కలిపిన పెట్రోలు బంకులలో వ్యాప్తికి వచ్చినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును, రబ్బరు గొట్టములను కొన్నింటిని మెత్తబరచును. అందుచేత మీ యంత్రము ఎంతవరకు ఇథనాలును తట్టుకొనగలదో పుస్తకములో చూచుకొని, కావలసినంతే కలిపి, నెలకు మించి నిలువ ఉంచక, పని లేని కాలములో టాంకిని ఖాళీచేయుట మేలు. పోయిన వేసవి పెట్రోలుతో ఈ వేసవి కోతకు దిగినవారు ఇంజనును నిందించుట న్యాయము కాదు.

విద్యుత్ రంపములు వాడువారికి మరియొక మాట. బావివద్ద మోటారు ప్లగ్గునుండి తోట కొసవరకు సన్నని తీగను పొడవుగా లాగినచో దారిలోనే వోల్టేజి తగ్గిపోవును. మోటారు వేడెక్కును, గొలుసు నెమ్మదించును. తీగ మందముగాను, వీలైనంత పొట్టిగాను ఉండవలెను. చుట్టగా నున్న తీగను పూర్తిగా విప్పి పరువవలెను. తడినేలపై, వానలో ఈ రంపములను వాడరాదు. బ్యాటరీ రంపములలో గొలుసు మొద్దుబారుట ఇంకను త్వరగా తెలియును, ఏలయనగా బ్యాటరీ ఊహించిన దానికంటె ముందే అయిపోవును. కొత్త బ్యాటరీ కొనుటకు ముందు గొలుసుకు పదును పెట్టి చూడుడు.

ఇంతవరకు మనిషి క్షేమమును, యంత్ర క్షేమమును చెప్పితిమి. చెట్టు క్షేమమును కూడ చెప్పనిదే ఈ ప్రసంగము పూర్తికాదు. హైదరాబాదునుండి బీజాపూరు పోవు మార్గమున, ఇప్పటి 163వ జాతీయ రహదారిపై, అప్పా కూడలి మొదలు మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల పొడవున పాత మర్రిచెట్లు బారులు తీరియున్నవి. వాని సంఖ్య సుమారు 900. దారిని వెడల్పుచేయు పనిలో ఈ చెట్ల గతి ఏమి కావలెనను వివాదము జాతీయ హరిత న్యాయస్థానము వరకు పోయినది. ఆ చెట్లపై జనులకు గల మమకారము దీనివలన తెలియుచున్నది. చెట్టును నిలుపవలెనని న్యాయస్థానమునకు పోవుట ఎంత ముఖ్యమో, నిలిచిన చెట్టు కొమ్మను చీలిపోకుండ కోయుట కూడ అంత ముఖ్యము.

మొద్దు రంపముతో లావుపాటి కొమ్మను పైనుండి కోయుచు పోయినచో సగము తెగునప్పటికి కొమ్మ బరువుకు విరిగి, బెరడును మానుదాక చీల్చుకొని పడును. ఆ చీలికలో నీరు నిలిచి, బూజుపట్టి, కొన్నేండ్లకు మానులో పుచ్చు ఏర్పడును. నిన్న నీడనిచ్చిన చెట్టు రేపు గాలికి ఇంటిమీద పడుటకు ఇదియొక కారణము. దీనికి విరుగుడు మూడు కోతల పద్ధతి. మొదటి కోత మానుకు జానెడో మూరెడో దూరమున, కొమ్మ అడుగునుండి, లావులో నాల్గవ వంతు వరకు. రెండవ కోత దానికి కొంచెము వెలుపల, పైనుండి క్రిందికి. కొమ్మ బరువు ఇట్లు దిగిపోయిన తరువాత మూడవ కోతతో మిగిలిన మోడును తీసివేయవలెను. మానును కొమ్మను కలుపుచోట ఉబ్బెత్తుగా ఒక వలయముండును. ఆ వలయమును మానుకే విడిచి, దానికి వెలుపలనే కోయవలెను. ఆ వలయమునుండియే కొత్త బెరడు పుట్టి గాయమును మూయును. మర్రి విషయములో మరియొక జాగ్రత్త: నేలలో నాటుకొన్న ఊడలు కొమ్మకు స్తంభములు. వానిని అడ్డమని ముందుగా కోసినచో కొమ్మకు ఆధారము పోవును.

చెట్టును మొదలంట కొట్టదలచినవారు మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము తెలంగాణములో కూడ అమలులో నున్నది. చెట్టు కొట్టుటకు ముందు అధికారుల అనుమతి అవసరమా, మీ చెట్టు ఏ రకములోనికి వచ్చును అను సంగతిని విచారించుకొని గాని రంపము చేపట్టరాదు. కరెంటు తీగకు తగులుచున్న కొమ్మను స్వయముగా కోయుట ఎట్టి పరిస్థితిలోను తగదు. విద్యుత్ శాఖవారికి తెలిపి, తీగలో కరెంటు నిలిపివేసిన తరువాత, వారిచేతనే ఆ పని చేయించవలెను.

చెప్పిన దంతయు క్రమముగా జ్ఞాపకముంచుకొనుట సులభమే. రంపము కోయనప్పుడు ముందుగా పొట్టును చూడుడు: అటుకులా, పిండియా? పిండియైనచో ఆకురాయి, పిదప గుబ్బల కొలత. తరువాత కోతను చూడుడు: తిన్నగా పోవుచున్నదా, వంకరపోవుచున్నదా? వంకరయైనచో పండ్ల పొడవు, బారు అంచులు. తరువాత వాసన చూడుడు: పొగ వచ్చుచున్నదా? వచ్చినచో నూనె, గొలుసు దిశ. తరువాత గొలుసును లాగి చూడుడు: బిగువెంత? ఇవి నాలుగును సరిగానుండిననే ఇంజను వంక పోవుడు. చాలమంది ఈ క్రమమును తలక్రిందులు చేసి, మొదటనే కార్బురేటరు మరలు త్రిప్పి, బాగుగా నున్న ఇంజనును చెరచి, మొద్దు గొలుసును మాత్రము అట్లే ఉంచుదురు.

మన వడ్రంగులు పని మొదలుపెట్టుటకు ముందు ఉలిని రాతిమీద నూరుదురు. ఆ పది నిమిషములు పని కాలములోనివే యని వారు ఎరుగుదురు. పెట్రోలు యంత్రము వచ్చినంతమాత్రమున ఆ ధర్మము మారలేదు. జేబులో ఒక గుండ్రని ఆకురాయిని ఉంచుకొని, పెట్రోలు పోసినప్పుడెల్ల గొలుసును ఒకమారు చూచుకొనుచు, పిండి రాలుట మొదలైన వెంటనే ఆగి పండ్లకు రెండేసి రాపిడులు ఇచ్చువారి రంపము నొక్కనవసరము లేకయే కోయును. వానకాలపు తొలిగాలి రాకముందే గోడకు తగిలించిన రంపమును దించి, గొలుసును వెలుతురులోనికి తెచ్చి చూచుకొనుడు. కొమ్మ విరిగి దారికి అడ్డముగా పడిన ఉదయమున, పిల్లలు బడికి పోవలసిన వేళ, ఆకురాయి కొరకు వెదకుటకు తీరిక ఉండదు.